విండోస్ 11 అప్‌డేట్ చెడితే వెనక్కి రావచ్చా? ఇంట్లో వాడేవాళ్ల కోసం ఒక రివ్యూ

విండోస్ 11 హోమ్ ఎడిషన్‌లో అప్‌డేట్లు శాశ్వతంగా వద్దనుకునే వీలు లేదు. కొన్ని వారాలు ఆపుకోవచ్చు, వేసుకున్నదాన్ని తీసేయొచ్చు, అదీ కుదరకపోతే సిస్టమ్‌ని రిపేరు చేసుకోవచ్చు. ఈ పనులకి విండోస్‌లోనే ఉన్న సదుపాయాలు ఇంటి కంప్యూటర్‌కి ఎంతవరకు సరిపోతాయన్నదే ఈ రివ్యూ. చూసినవి 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లు (2024, 2025 రెండో సగాల్లో వచ్చినవి). రెండింటికీ లోపలి కోడ్ ఒకటే కాబట్టి నెలవారీ అప్‌డేట్లూ, వాటితో వచ్చే తలనొప్పులూ ఒకటే.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఆపే సదుపాయం బాగుంది. తీసేసే సదుపాయం కూడా మామూలు రోజుల్లో పనిచేస్తుంది. కానీ కంప్యూటర్ అసలు లేవని రోజున అది అక్కరకు రావాలంటే మూడు ముందే చేతిలో ఉండాలి: బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ, కంప్యూటర్‌ని లేపగలిగే బూటబుల్ పెన్‌డ్రైవ్, బయటి డిస్క్ మీద సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా డిస్క్ మొత్తానికి నకలు). వీటి గురించి విండోస్ మిమ్మల్ని గట్టిగా అడగదు. వన్‌డ్రైవ్ కొనమని అడిగినన్ని సార్లు కీ రాసిపెట్టుకున్నారా అని అడిగి ఉంటే చాలా ఇళ్లల్లో ఫొటోలు మిగిలేవి.

ఆపడం: ఎప్పుడు, ఎంతకాలం

నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ రెండో మంగళవారం వస్తుంది. అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం ఉదయం 10 గంటలకి వదులుతారు. మనకి అది వేసవిలో మంగళవారం రాత్రి 10.30, చలికాలంలో 11.30. అంటే బుధవారం పొద్దున్న సిస్టమ్ ఆన్ చేసేసరికి డౌన్‌లోడ్ మొదలైపోయి ఉంటుంది. డాలస్‌లో ఉన్నవాళ్లకైతే మంగళవారం మధ్యాహ్నమే. నెలాఖరు వారంలో ప్రివ్యూ పేరుతో ఇంకొకటి వస్తుంది. అందులో కొత్త సెక్యూరిటీ ఫిక్సులు ఉండవు, వచ్చే నెల వచ్చే మార్పులనే ముందుగా రుచి చూపిస్తారు. ఇంటి కంప్యూటర్‌కి దాంతో పనిలేదు. విండోస్ అప్‌డేట్ పేజీలో 'గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్' అనే స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే ముందు వరసలో నిలబడి ప్రయోగాలకి మీ మెషీన్ ఇచ్చినట్టే.

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే పాజ్ అప్‌డేట్స్ ఉంటుంది. వారం నుంచి ఐదు వారాల దాకా ఎంచుకోవచ్చు. గడువు అయ్యాక మళ్లీ పాజ్ చేయాలంటే ముందు ఉన్న అప్‌డేట్లు వేసుకుని తీరాలి. దీన్ని వాడే తీరు ఇలా ఉంటే మంచిది: రెండో మంగళవారం సాయంత్రం లోపు రెండు వారాలు పాజ్ పెట్టండి. పదిరోజులు ఆగండి. తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ రిలీజ్ హెల్త్ పేజీలో మీ వెర్షన్‌కి తెలిసిన సమస్యలు ఏమున్నాయో చదివి, మీ మెషీన్‌కి తగిలేవి లేకపోతే ఖాళీగా ఉన్న శనివారం పొద్దున్న రిజ్యూమ్ నొక్కండి. పెద్ద లోపాలు సాధారణంగా మొదటి వారంలోనే బయటపడతాయి. ఉదాహరణకి 2025 అక్టోబర్ 14న వచ్చిన కేబీ5066835లో (కేబీ అంటే ప్రతి అప్‌డేట్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే నంబర్) ఒక ఘోరమైన తప్పు ఉంది (దాని సంగతి కింద చెబుతాం). దానికి మందు కేబీ5070773 అక్టోబర్ 20న వచ్చేసింది. పదిరోజులు ఆగినవాళ్లు ఆ తప్పుని చూడనేలేదు.

ఇందులో రెండు మెలికలున్నాయి. పాజ్ పెడితే చెడ్డ అప్‌డేట్‌తో పాటు దాన్ని సరిచేసే అత్యవసర అప్‌డేట్ కూడా ఆగుతుంది. కాబట్టి సమస్య వచ్చేశాక భయపడి ఐదు వారాలు పాజ్ నొక్కితే ఆ సమస్యతోనే ఐదు వారాలు కాపురం చేస్తారు. రెండోది, దాడి చేసేవాళ్లు ఇప్పటికే వాడుకుంటున్న లోపానికి ఆ నెల ఫిక్స్ వచ్చి ఉంటే, పదిరోజులు ఆగడం లెక్క తప్పుతుంది. అలాంటి నెలల్లో రెండు మూడు రోజులు చూసి వేసేయడమే మేలు.

వాట్సాప్‌లో తిరిగే హెచ్చరికల మీద ఆధారపడి పాజ్ పెట్టొద్దు. 2025 ఆగస్టులో కేబీ5063878 వేస్తే ఎస్‌ఎస్‌డీలు (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డిస్కులు) చచ్చిపోతున్నాయని పెద్ద గోల జరిగింది. వాటిని నడిపే కంట్రోలర్ చిప్పులు తయారుచేసే ఫైసన్ కంపెనీ 4,500 గంటలకు పైగా పరీక్షలు చేసి ఆ సమస్యని తిరిగి రప్పించలేకపోయామంది. మైక్రోసాఫ్ట్ కూడా సంబంధం దొరకలేదంది. అంతకుముందు 2024 జులై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో తెగ తిరిగింది కదా, దాన్ని కూడా చాలామంది విండోస్ అప్‌డేట్ ఖాతాలో వేశారు. ఆ రోజు 85 లక్షల మెషీన్లని పడగొట్టింది క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన ఫైలు. అది కంపెనీల్లో వాడేది, ఇళ్లల్లో దాదాపు ఉండదు.

ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లకి ఈ తంతు అక్కర్లేదు. గ్రూప్ పాలసీలో నెలవారీ అప్‌డేట్లని 30 రోజుల దాకా, వెర్షన్ మార్పులని 365 రోజుల దాకా వెనక్కి నెట్టే సెట్టింగులున్నాయి. ఒకసారి 10 అని పెట్టి వదిలేస్తే ప్రతి నెలా తనే పదిరోజులు ఆగి వేసుకుంటుంది. హోమ్‌కి ఇది ఇవ్వకపోవడం పిసినారితనం.

కరెంటు సంగతి. ఇన్‌స్టాల్ అవుతున్నంతసేపు కాదు, రీస్టార్ట్ అయ్యి శాతాలు చూపించే ఆ పది ఇరవై నిమిషాలే అసలు ప్రమాదం. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌ని మధ్యాహ్నం కోతలుండే ఊళ్లో అప్‌డేట్ అండ్ రీస్టార్ట్ కొట్టకండి. ఇంటి ఇన్వర్టర్‌కి మారే క్షణంలో కూడా కొన్ని కంప్యూటర్లు ఆగి మళ్లీ లేస్తాయి, కాబట్టి ఇన్వర్టర్ ఉంది కదా అనే ధీమా వద్దు. లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే చేయండి. అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ కొడితే షట్‌డౌన్ అవకుండా రీస్టార్ట్ అయి కూర్చునే పాత లోపం 2025 చివర్లో గానీ పోలేదు. పాత బిల్డ్‌లో ఉన్నవాళ్లు ఆ బటన్ కొట్టి వెంటనే బ్యాగులో పెట్టేస్తే లాప్‌టాప్ లోపలే వేడెక్కుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లు ఆ వైఫై కనెక్షన్ ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేసుకోండి, లేదంటే రోజుకి 2 జీబీ ప్లాన్ పొద్దున్నే ఖాళీ.

తీసేయడం: ముందు పాజ్, తర్వాతే అన్‌ఇన్‌స్టాల్

విండోస్ అప్‌డేట్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి కిందకి వెళితే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటుంది. ముందు హిస్టరీలో సమస్య మొదలైన తేదీకి ఏ కేబీ నంబర్ పడిందో చూడండి. తర్వాత పాజ్ పెట్టండి, ఆపైనే అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. చాలామంది ఈ వరస తిప్పేస్తారు. తీసేసి రీస్టార్ట్ చేస్తారు, రాత్రికి రాత్రి అదే అప్‌డేట్ మళ్లీ దిగుతుంది, 'తీసినా పోవట్లేదు' అంటారు.

లిస్ట్‌లో కొన్నిటి పక్కన అన్‌ఇన్‌స్టాల్ లింకే ఉండదు. సర్వీసింగ్ స్టాక్ అనే భాగం ఆ కోవలోది. అప్‌డేట్లని వేసే యంత్రాంగమే అది, ఒకసారి ఎక్కితే దిగదు. దిగకపోయినా ఇబ్బంది లేదు, గొడవలు అందులోంచి రావడం అరుదు.

తీసేముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. నెలవారీ అప్‌డేట్ అంటే ఒకే మూట, విడివిడిగా తీయడానికి లేదు. ప్రింటర్ పనిచేయలేదని దాన్ని తీసేస్తే ఆ నెల సెక్యూరిటీ ఫిక్సులన్నీ పోతాయి. 2021 మార్చిలో కేబీ5000802 వేశాక కొన్ని ప్రింటర్లకి ప్రింట్ కొట్టగానే బ్లూ స్క్రీన్ వచ్చేది. పని ఆగిపోయే అలాంటి సందర్భంలో తీయడం న్యాయమే. టాస్క్‌బార్‌లో ఐకాన్ పక్కకి జరిగిందని తీయడం మాత్రం వద్దు. పైగా నెల దాటితే పాత భాగాలని విండోస్ తనే తుడిచేస్తూ వస్తుంది, కాబట్టి తీయదలిస్తే ఆలస్యం చేయకండి.

కొన్నిసార్లు మీరు ఏమీ చేయకుండానే సమస్య పోతుంది. నోన్ ఇష్యూ రోల్‌బ్యాక్ అని ఒక ఏర్పాటు ఉంది. సెక్యూరిటీకి సంబంధం లేని మార్పు ఏదైనా బెడిసికొడితే, మైక్రోసాఫ్ట్ ఆ ఒక్క మార్పుని దూరం నుంచే ఆఫ్ చేస్తుంది, మిగతా అప్‌డేట్ అలాగే ఉంటుంది. ఇళ్లల్లోని మెషీన్లకి 24 గంటల్లోపు చేరుతుంది, ఒకసారి రీస్టార్ట్ చేస్తే త్వరగా పడుతుంది. రిలీజ్ హెల్త్ పేజీలో ఆ సమస్య పక్కన ఈ మాట కనిపిస్తే అన్‌ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ఒక రోజు ఓపిక పట్టండి. ఈ రివ్యూలో చూసినవాటన్నిట్లో తెలివైన సదుపాయం ఇదే, దీని గురించి వినియోగదారుడికి తెలియకపోవడం కూడా అంతే విచిత్రం.

వెర్షన్ మొత్తం మారే అప్‌డేట్ సంగతి వేరు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది, గడువు 10 రోజులు. పాత విండోస్ అంతా సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. జాగా కోసం డిస్క్ క్లీనప్ చేసి దాన్ని తుడిచేస్తే 10 రోజులున్నా వెనక్కి దారి లేదు. ఆ 10 రోజుల్లోపే డిస్మ్ అనే కమాండ్‌తో (కమాండ్ ప్రాంప్ట్‌లో టైప్ చేసేది) గడువుని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. 24హెచ్2 నుంచి 25హెచ్2కి మామూలు అప్‌డేట్ దారిలో వెళ్లినవాళ్లకి ఇదంతా వర్తించదు. అది చిన్న ప్యాకేజీగా వస్తుంది, తీయాలన్నా అప్‌డేట్ల లిస్ట్‌లోంచే తీయాలి.

'మీ పీసీకి ఇంకా సిద్ధం కాలేదు' అని విండోస్ కొత్త వెర్షన్ ఇవ్వకుండా ఆపితే దానికి కారణం ఉంటుంది. మీ మెషీన్‌లో ఉన్న డ్రైవరో సాఫ్ట్‌వేరో కొత్త వెర్షన్‌తో కొట్లాడుతుందని తెలిసి పెట్టిన అడ్డు అది. ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ తెచ్చుకుని దాన్ని దాటేయడం కొని తెచ్చుకునే కష్టం.

డెస్క్‌టాప్ రాకపోతే

రీస్టార్ట్ తర్వాత 'అన్‌డూయింగ్ ఛేంజెస్' అని తిరుగుతుంటే పవర్ బటన్ మీద చెయ్యి వేయకండి. పాత హార్డ్‌డిస్క్ ఉన్న మెషీన్లలో గంట రెండు గంటలు కూడా పట్టొచ్చు. డిస్క్ లైటు మినుకుమంటున్నంతసేపు పని జరుగుతోందనే అర్థం.

అసలు లేవకపోతే రికవరీ మెనూకి వెళ్లాలి. విండోస్ లోగో కనబడగానే పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే ఆ తర్వాత ఆటోమేటిక్ రిపేర్ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. రెండు వరసలు కనిపిస్తాయి: లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్, లేటెస్ట్ ఫీచర్ అప్‌డేట్. గొడవ నెలవారీ అప్‌డేట్‌తో మొదలైతే క్వాలిటీ. వెర్షన్ మారాక మొదలైతే ఫీచర్. తెలియకపోతే ముందు క్వాలిటీయే ప్రయత్నించండి, దానివల్ల పోయేది తక్కువ.

ఇక పైన చెప్పిన 2025 అక్టోబర్ తప్పు ఏమిటంటే, సరిగ్గా ఈ రికవరీ మెనూలోనే యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. విండోస్‌లో అన్నీ బాగానే ఉండేవి, రక్షించాల్సిన చోట మాత్రం బాణం గుర్తు కదలదు, ఎంటర్ నొక్కితే స్పందన లేదు. టచ్ స్క్రీన్ ఉన్నవాళ్లు బయటపడ్డారు. పాత డెస్క్‌టాప్‌లకి వెనక ఊదా రంగు, ఆకుపచ్చ రంగు గుండ్రటి పోర్టులుంటాయి కదా, వాటికి తగిలించే పీఎస్2 కీబోర్డు ఉన్నవాళ్లూ బయటపడ్డారు. మిగతావాళ్లకి బూటబుల్ పెన్‌డ్రైవే దిక్కు, ఎందుకంటే దాని మీద ఉన్న రికవరీ మెనూ వేరే కాపీ, చెడ్డ అప్‌డేట్ దాన్ని తాకలేదు.

కాబట్టి రికవరీ మెనూ ఉందని నమ్మడం చాలదు, ఒకసారి చూసుకోవాలి. స్టార్ట్ మెనూలో పవర్ బటన్ నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. నీలం తెర వస్తుంది. మౌస్ కదులుతోందా, కీబోర్డు బాణాలు పనిచేస్తున్నాయా చూసి కంటిన్యూ కొట్టి బయటికి వచ్చేయండి. రెండు నిమిషాల పని, దేన్నీ మార్చదు.

పెన్‌డ్రైవ్‌కి 8 జీబీ చాలు. మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తో తయారవుతుంది. డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి పెళ్లి వీడియో ఉన్నది వాడకండి. ఒకసారి చేసి బీరువాలో పడేసినా కుదరదు. 2024 అక్టోబర్, నవంబర్ నెలల అప్‌డేట్లు కలిపి తయారైన 24హెచ్2 ఇన్‌స్టలేషన్ మీడియాతో (పెన్‌డ్రైవ్ లాంటివి) ఇన్‌స్టాల్ చేసిన మెషీన్లు ఆ తర్వాతి సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోలేకపోయాయి. ఆరు నెలలకోసారి మళ్లీ రాసుకోవడం క్షేమం.

కొత్తగా క్విక్ మెషీన్ రికవరీ అని ఒకటి చేర్చారు. క్రౌడ్‌స్ట్రైక్ దెబ్బ తర్వాత పుట్టిన ఆలోచన ఇది. మెషీన్ లేవకపోతే రికవరీ మెనూ తనే ఇంటర్నెట్‌కి వెళ్లి, మైక్రోసాఫ్ట్ మందు సిద్ధం చేసి ఉంటే తెచ్చుకుంటుంది. హోమ్ ఎడిషన్‌లో మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. చాలామందికి ఒకేసారి వచ్చే జబ్బుకి పనికొస్తుంది గానీ, మీ ఒక్కరి మెషీన్‌లో చెడిన డ్రైవర్‌కి దీని దగ్గర మందు ఉండదు.

48 అంకెల కీ

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే. 2024 జులై అప్‌డేట్ తర్వాత కొన్ని మెషీన్లు నేరుగా బిట్‌లాకర్ రికవరీ తెరకి లేచాయి. 2025 మేలో విండోస్ 10 కేబీ5058379తో కొన్ని ఇంటెల్ మెషీన్లకీ అదే జరిగింది, దానికి మైక్రోసాఫ్ట్ విడిగా అత్యవసర అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. అప్‌డేట్ చేసిన తప్పుని రెండు రోజుల్లో దిద్దుకోవచ్చు. కీ లేకపోతే డిస్క్‌లోని డేటా ఎవరూ తీయలేరు, డేటా రికవరీ షాపువాళ్లు కూడా.

24హెచ్2ని కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్ తాళాన్నే హోమ్‌లో ఇలా పిలుస్తారు) చెప్పకుండానే ఆన్ అవుతుంది. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అని ఉంటే మీకు కీ కావాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైటులో లాగిన్ అయి డివైసెస్ కిందికి వెళితే బిట్‌లాకర్ కీస్ కనిపిస్తాయి. ఒకటి కన్నా ఎక్కువ ఉండొచ్చు. రికవరీ తెర మీద కీ ఐడీ చూపిస్తుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలు సైటులో ఏ వరసతో కలుస్తాయో ఆ వరసలోని కీనే మీది.

కీ ఎనిమిది గుంపులు, గుంపుకి ఆరు అంకెలు. కాగితం మీద రాసుకుంటే కాలిక్యులేటర్‌తో సరిచూసుకునే ఉపాయం ఉంది: ప్రతి ఆరంకెల గుంపూ 11తో నిశ్శేషంగా భాగింపబడాలి. భాగింపబడకపోతే ఆ గుంపులో ఏదో అంకె తప్పు రాశారు. కాగితాన్ని బీరువాలో పెట్టండి, ఫొటో తీసి అదే లాప్‌టాప్‌లో దాచుకోకండి.

ఒక్క మెలిక మన ఇళ్లల్లో తరచూ కనిపించేదే. కీ వెళ్లేది ఆ మెషీన్‌ని మొదట సెటప్ చేసినవాళ్ల అకౌంట్‌లోకి. అమెరికా నుంచి సెలవులకొచ్చిన అబ్బాయి తన అకౌంట్‌తో సెటప్ చేసి వెళ్లిన లాప్‌టాప్ కీ నాన్నగారి అకౌంట్‌లో వెతికితే దొరకదు. షాపులో కుర్రాడు ఏదో ఒక ఈమెయిల్ సృష్టించి సెటప్ చేసిస్తే ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఇలాంటి మెషీన్‌లో మాత్రం సంకోచం లేకుండా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డిస్క్ పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగి, మీ సొంత అకౌంట్‌తో మళ్లీ ఆన్ చేసుకోండి. బయాస్ (విండోస్ కన్నా ముందు మెషీన్‌ని లేపే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసే ముందు కూడా కీ చేతిలో ఉండాలి, ఈ తెర ఎక్కువగా పలకరించేది అప్పుడే.

రీస్టోర్ పాయింట్ సరిపోతుందా

సిస్టమ్ రీస్టోర్ కొన్ని మెషీన్లలో ఆఫ్‌లో ఉంటుంది. స్టార్ట్‌లో 'క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్' అని వెతికి, సీ డ్రైవ్ ఎంచుకుని కాన్ఫిగర్‌లో ఆన్ చేసి 5 శాతం జాగా ఇవ్వండి. 24హెచ్2లో పాయింట్లు 60 రోజుల దాకా ఉంటాయి. డ్రైవర్ చెడినప్పుడు, ఏదో సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులన్నీ దాచే చోటు) పాడుచేసినప్పుడు ఇది మంచి ఆయుధం. నెలవారీ పెద్ద అప్‌డేట్‌ని వెనక్కి తిప్పడానికి మాత్రం అన్‌ఇన్‌స్టాల్ దారినే నమ్ముకోండి, రీస్టోర్ మధ్యలో ఆగిపోవడం మామూలే. మీ డాక్యుమెంట్లు, ఫొటోలు ఇది కాపాడదు, అసలు ముట్టుకోదు.

పూర్తి నిశ్చింత ఇచ్చేది ఇమేజ్ ఒక్కటే. కంట్రోల్ ప్యానెల్‌లో 'బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)' అనే పాత పరికరం ఇంకా ఉంది. దాన్ని 2017లోనే వదిలేస్తున్నామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. పనిచేస్తుంది గానీ పాతదానికన్నా చిన్న డిస్క్ మీదకి తిరిగి వేయదు. చాలామంది వాడిన మాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌కి 2024 మొదట్లో సపోర్ట్ ఆగిపోయింది. ఉచితంగా కావాలంటే వీమ్ ఏజెంట్ నమ్మదగినది, హాస్లియో బ్యాకప్ సూట్ వాడటం సులువు. రెస్క్యూజిల్లా, క్లోన్‌జిల్లా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతాయి, కానీ బిట్‌లాకర్ ఉన్న డిస్క్‌ని సెక్టార్ సెక్టార్ (ఖాళీ జాగాతో సహా) కాపీ చేస్తాయి కాబట్టి 512 జీబీ డిస్క్‌కి ఇమేజ్ కూడా దాదాపు అంతే అవుతుంది. 1 టీబీ బయటి డిస్క్ ఉంటే విండోస్ లోపలి నుంచి తీసిన ఇమేజ్‌లు రెండు మూడు పడతాయి. ఇమేజ్ తీశాక డిస్క్ ఊడదీసి పక్కన పెట్టండి. విండోస్ బ్యాకప్ అనే కొత్త యాప్ పేరు చూసి మోసపోవద్దు. అది ఫోల్డర్లు, సెట్టింగులు వన్‌డ్రైవ్‌కి పంపుతుంది, ఉచిత జాగా 5 జీబీ. దానితో లేవని కంప్యూటర్ లేవదు.

అప్‌డేట్ ఎక్కకపోతే

ఎర్రర్ కోడ్ చూడకుండా చిట్కాలన్నీ వరసబెట్టి చేయడం వృథా. చివర 0070 ఉన్న 0ఎక్స్80070070 అంటే డిస్క్ నిండింది. సీ డ్రైవ్‌లో 20 జీబీ అయినా ఖాళీ చేయండి. 0ఎక్స్800ఎఫ్0922 తరచూ 100 ఎంబీ ఉండే బూట్ పార్టిషన్ (డిస్క్‌లో విండోస్‌ని లేపడానికి విడిగా ఉంచిన భాగం) నిండినప్పుడు వస్తుంది. 0ఎక్స్80070422 అంటే అప్‌డేట్ సర్వీస్‌ని ఎవరో ఆఫ్ చేశారు. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ5034441 ఎక్కక 0ఎక్స్80070643 చూపించేది. అసలు కారణం రికవరీ పార్టిషన్‌లో జాగా చాలకపోవడం, 250 ఎంబీ అదనంగా ఉండాలి. పార్టిషన్ చెరిపి మళ్లీ చేసుకోమని మైక్రోసాఫ్ట్ కమాండ్లు ఇచ్చింది. ఇమేజ్ లేకుండా ఇంటి మెషీన్‌లో ఆ పని చేయమని ఎవరికీ చెప్పం. తప్పు నంబర్ కొడితే పోయేది సీ డ్రైవ్.

కోడ్‌తో తేలకపోతే: సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్ రెండూ స్టాప్ చేసి, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్చి, సర్వీసులు మళ్లీ స్టార్ట్ చేయండి. సగంలో పాడైన డౌన్‌లోడ్లు దీంతో పోతాయి. అదీ చాలకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' పక్కన రీఇన్‌స్టాల్ నౌ. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు అలాగే ఉండి విండోస్ ఒక్కటే కొత్తగా పడుతుంది. కొన్ని జీబీలు దిగుతాయి, బ్రాడ్‌బ్యాండ్ మీద చేయండి. పూర్తిగా ఫార్మాట్ కొట్టాలని రిపేరు షాపులో అంటే, ఇది ప్రయత్నించారా అని ముందు అడగండి.

డ్రైవర్లు, డాంగిల్స్

ఆప్షనల్ అప్‌డేట్స్‌లో కనిపించే డ్రైవర్లు ఏదైనా పనిచేయకపోతేనే వేయండి. వేశాక సౌండ్ పోయినా, తెర మినుకుమన్నా డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్. తెలుగు డీటీపీకి అను స్క్రిప్ట్ మేనేజర్ పాత వెర్షన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (యూఎస్‌బీకి తగిలించే డాంగిల్), వేలిముద్ర స్కానర్ వాడే ఇళ్లవాళ్లు వెర్షన్ మార్చేముందు వాటి ఇన్‌స్టాలర్ ఫైళ్లు, లైసెన్స్ వివరాలు విడిగా దాచుకోవాలి. జీఎస్టీ రిటర్న్ ఆఖరి రోజున వెర్షన్ మార్చడం కన్నా పెద్ద సాహసం ఉండదు.

అప్‌డేట్ బ్లాకర్లు, విండోస్ 10

సర్వీస్‌ని పూర్తిగా చంపేసే ఉచిత టూల్స్ బోలెడున్నాయి. సున్నా మార్కులు. స్టోర్ యాప్‌లు కూడా ఎక్కడం మానేస్తాయి, విండోస్ ఆ సర్వీస్‌ని మళ్లీ లేపాలని చూస్తుంది, ఈ రెండింటి కుస్తీలో అప్‌డేట్లు సగంలో పాడవుతాయి. 2017 మేలో వానాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. ఆ లోపానికి ఫిక్స్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చింది. ఇప్పుడింకో కారణం తోడైంది. 2011 నాటి సెక్యూర్ బూట్ (మెషీన్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే కాపలా) సర్టిఫికెట్ల గడువు తీరడం 2026 జూన్‌తో మొదలు. వాటి బదులు 2023వి అప్‌డేట్ల ద్వారానే వస్తాయి.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి అర్హత లేని మెషీన్ ఉన్నవాళ్లు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ఫిక్సులు వస్తాయి. 30 డాలర్లు, లేదా 1,000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా సెట్టింగులు అకౌంట్‌కి సింక్ చేస్తే ఉచితం. మెషీన్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి, ఒక అకౌంట్ మీద 10 మెషీన్ల దాకా చేర్చుకోవచ్చు. చేరే లింకు విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఉంటుంది. అది కనబడకపోతే పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లు ముందు వేసుకుని చూడండి.